తలుపు ఉన్న కుప్ప

వస్తువు పగిలితే వ్యర్థమవుతుందని నమ్మే అమాయకులు ఈ లోకంలో ఇంకా ఉన్నారు. వాళ్లకు ప్రభుత్వ వ్యవహారం తెలియదని అర్థం. పగిలినంత మాత్రాన ఏదీ వ్యర్థం కాదు. విరిగినా, అరిగినా, తుప్పు పట్టి పొడిపొడిగా రాలినా కాదు. ఒక అధికారి దాన్ని కళ్లారా చూసి, ఇది వ్యర్థమని మూడు ప్రతుల్లో రాసి, సంతకం పెట్టి, ఆ సంతకం మీద ముద్ర గుద్దినప్పుడే అది వ్యర్థమవుతుంది. అప్పటిదాకా అది సేవలో ఉన్న వస్తువే. (మోత్కూరు దగ్గర ఒక పార పిడి విరిగి, రేకు ఊడి, తొమ్మిదేళ్లుగా సేవలోనే ఉండేది. దానితో పాటు మట్టి తవ్విన పారలన్నీ దానికంటే ముందే రిటైరయ్యాయి.)

ఈ సత్యం తాపీ మేస్త్రి గులాం నబీకి నలభై ఆరో ఏట తెలిసింది. అది 1961వ సంవత్సరం.

నబీది మహబూబ్‌నగర్. గోడ కడితే తూకం గుండు కూడా సిగ్గుపడేంత నిటారుగా కడతాడని పేరు. అయితే ఆయనకొక జబ్బుండేది. పారేసింది ఏదైనా సరే, చూస్తూ దాటిపోలేడు. ఇటుక ముక్క కనిపిస్తే వంగుతాడు, తిప్పి చూస్తాడు, జేబులో వేసుకుంటాడు. "గీ మనిషి పనికి పోయి ఉత్త చేతుల్తోని ఇంటికొచ్చిన దినం లేదు. ఏదో ఒక రాయి తెస్తడు" అని ఆయన భార్య తాహేరా ఇరుగుపొరుగుకు చెప్పేది. చెప్పేటప్పుడు ఫిర్యాదు చేస్తోందో, పొగుడుతోందో వినేవాళ్లకు తేలేది కాదు.

ఆ ఏడు ఆయన మోత్కూరుకు రెండు కోసుల దూరంలో ఒక వాగు మీద కడుతున్న చిన్న ఆనకట్ట పనికి వచ్చాడు. అక్కడ కంకర మిషన్ ఒకటి పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా గుట్టను నములుతూ ఉండేది. మిషన్ కింద రాతి పొడి ఒక గుట్టయింది. మిషన్‌ను నడిపే బొగ్గు ఇంజను పక్కన బూడిద ఇంకో గుట్టయింది. బట్టీ నుంచి బండ్ల మీద వచ్చేటప్పుడు పగిలిన ఇటుకలు మూడో గుట్ట. సిమెంటు వచ్చే గోనెసంచులను మాత్రం లెక్క తప్పకుండా వాపసు పంపాలని నియమం. అందుకని ఖాళీ సంచులను భద్రంగా కట్టేవాళ్లు. కట్టేముందు దులిపేవాళ్లు. దులిపిన సిమెంటు గాలికి పోయేది. (సంచికి నియమం ఉంది, సిమెంటు దుమ్ముకు లేదు.) ఆ దుమ్ము కనుమరుగయ్యేదాకా నబీ దాని వెంట చూస్తూ నిలబడేవాడు.

కంకర దగ్గర పనిచేసేవాళ్లలో సగం మంది ఆడవాళ్లు. వాళ్ల చంటిపిల్లలు మొత్తం పదకొండు మంది. మిషన్‌కు కొంచెం ఎడంగా బొంగు కర్రలు పాతి, పాత చీరలతో తొట్టెలలు కట్టి, వాటిలో పడుకోబెట్టేవాళ్లు. మిషన్ మోతకు అలవాటుపడిన ఆ పిల్లలు మోత ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు.

ఫిబ్రవరిలో ఒకరోజు మిషన్ నుంచి కుంకుడుకాయంత రాయి ఒకటి ఎగిరి, యాదలక్ష్మి కొడుకు తొట్టెల బట్టను చీల్చుకుని లోపల పడింది. యాదలక్ష్మి చేతిలో తట్ట అక్కడే పడేసి ఉరికింది. తొట్టెలలో ఆరు నెలల పిల్లవాడు ఆ రాయిని గుప్పిట పట్టుకుని, నోట్లో పెట్టుకోవడానికి ప్రయత్నిస్తూ నవ్వుతున్నాడు. తల్లి మాత్రం ఆ పూట ఇక నవ్వలేదు, తట్టా ఎత్తలేదు.

యాదలక్ష్మి అత్త సోమమ్మ. వయసు యాభై దాటింది, కానీ సుత్తె పట్టిందంటే పక్కవాళ్లు తమ పని ఆపి చూసేవాళ్లు. ఆమె మనవడి గుప్పిట్లోంచి రాయి విడిపించి, నేరుగా నబీ దగ్గరికి వెళ్లి ఆయన అరచేతిలో పెట్టింది.

"మేస్త్రీ, నువ్వు గోడలు కట్టెటోనివి. నీళ్లకు గోడ కడుతున్నవ్. గీ పోరగాండ్లకు నాలుగు గోడలు కట్టవా?"

నబీ రాయిని తిప్పి చూశాడు. ఎప్పట్లా జేబులో వేసుకోలేకపోయాడు.

"కడత అక్కా. దేంతోని కట్టాలె గదే ఫికర్."

ఆనకట్ట పని చూసే ఓవర్సీరు దగ్గరికి వెళ్లాడు. ఆయన మంచివాడే. ఇటుకలన్నీ ఆనకట్టకే చాలడంలేదన్నాడు. సిమెంటుకు పర్మిట్ కావాలన్నాడు. చివరికి మూడు గుట్టలవైపు చెయ్యి చూపించి, "గా చెత్తల ఏమన్న పనికొచ్చేది ఉంటే తీస్కో. ఎవడడుగుతడు?" అన్నాడు.

ఎవడడుగుతాడు అనేది మామూలు మనుషులకు ఒక మాట. ప్రభుత్వంలో అదొక ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఉన్నాయన సంగతి తర్వాత.

నబీ ఆ సాయంత్రమే ఇంజను వచ్చిన చెక్కపెట్టె పలకలతో దిమ్మలు పోసేందుకు ఒక అచ్చు చేశాడు. మూర పొడవు, జానెడు వెడల్పు. సంచులు దులిపేచోట నాలుగు తడికలు కట్టించాడు. ఆడవాళ్లు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, ఆ తడికల లోపల సంచులు దులిపి, దుమ్మును జల్లెడ పట్టి డబ్బాలో ఎత్తేవాళ్లు. మొదట చేసిన దిమ్మలో బూడిద ఎక్కువైంది. అది అచ్చు తియ్యగానే కూలబడింది. రెండోదాంట్లో ఇటుక ముక్కలు పెద్దవయ్యాయి. అది ఎండి, నడుమ పగిలింది. మూడోసారి రాతి పొడి నాలుగు తట్టలు, దంచి జల్లించిన ఇటుక ముక్కలు రెండు, బూడిద ఒకటి, సిమెంటు దుమ్ము ఒకటి కలిపి, కాస్త సున్నం నీళ్లు పోసి, దిమ్మిసతో కొట్టి కొట్టి అచ్చులో కుక్కాడు. మూడు వారాలు తుంగగడ్డి కప్పి, వాగు నీళ్లతో తడిపారు. సోమమ్మ పొద్దునా సాయంత్రం బిందె ఎత్తుకుని, "తాగుండ్రి నాయినా, తాగుండ్రి" అంటూ దిమ్మలకు నీళ్లు పోసేది.

ఇరవై రెండో రోజు నబీ బండి మీదికెక్కి ఒక దిమ్మను బండరాయి మీదికి వదిలేశాడు. ఖంగుమంది. దిమ్మ అంచు కూడా రాలలేదు. ఆయన దిగి వచ్చి, దాని పక్కన కూర్చుని, కాసేపు దాన్ని నిమిరాడు. ముప్పై ఏళ్ల పనిలో ఎన్నో గోడలు కట్టాడు గానీ, గోడలోకి వెళ్లే వస్తువును తానే పుట్టించడం అదే మొదలు.

నూట నలభై దిమ్మలు తయారయ్యేసరికి ఆ పైన చెప్పిన ఉద్యోగం సైకిలెక్కి వచ్చింది. దాని పేరు దుర్గయ్య. హోదా: వ్యర్థ పదార్థాల నిర్ధారణ కార్యాలయపు క్షేత్ర పరిశీలకుడు. సైకిలుకు స్టాండు వేసి, దిమ్మల చుట్టూ ఒకసారి తిరిగి, ఒకదాన్ని కాలితో తట్టి, వేలు నొప్పి పుట్టి, ఆ నొప్పిని నోటు పుస్తకంలో రాసుకోకుండా అడిగాడు:

"గివి దేంతోని చేసినవ్?"

"చెత్తతోని, సారు."

"చెత్తని ఎవరు చెప్పిన్రు?"

నబీ మూడు గుట్టలవైపు చూశాడు. "చూస్తే తెలుస్తలేదా, సారు?"

"చూస్తే నీకు తెలుస్తది, నాకు తెలుస్తది. సర్కారుకు ఎట్ల తెలుస్తది?" అని దుర్గయ్య నిట్టూర్చాడు. "నిర్ధారణ కాని వస్తువును నువ్వు ముట్టుకున్నవ్. ముట్టుకునుడే గాదు, దాన్ని పనికొచ్చేటట్టు చేసినవ్. గిది ఇంకా పెద్ద తప్పు. ఒక దిమ్మ పట్టుకొని ఆఫీసుకు రా. మిగిలినయి ఎవ్వరూ కదపొద్దు."

నబీ మర్నాడు దిమ్మను గోనెలో చుట్టుకుని, భుజం మీద పెట్టుకుని మోత్కూరుకు నడిచి వెళ్లాడు. దారిలో నలుగురు ఆపి, అదేమిటని అడిగారు. చంటిపిల్లల ఇల్లని చెప్పాడు. నలుగురూ దారి ఇచ్చారు.

నిర్ధారణ కార్యాలయం సంత పక్కన ఒక కిరాయి ఇంట్లో ఉండేది. పెద్ద అధికారి పేరు అమరేందర్. ముప్పై ఐదేళ్ల సన్నటి మనిషి, మర్యాదస్తుడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆయనకు ఈ లోకంలో ఒక్క ఆడిట్ అంటేనే భయం. ఆ భయాన్ని ఫైళ్ల రూపంలో భద్రపరిచేది హెడ్ క్లర్కు లింగయ్య. లింగయ్య పద్నాలుగు పేజీల ఫారం తీసి, కలం సిరాలో ముంచాడు.

"మేస్త్రీ, అడిగినదానికి చెప్పు. గీ వస్తువు వ్యర్థం గాకముందు ఏంది?"

"రాయి, సారు."

"రాయి గాకముందు?"

"గుట్ట."

"గుట్ట గాకముందు?"

నబీ గడ్డం గోక్కున్నాడు. "గది అల్లాకే ఎరుక, సారు."

లింగయ్య తల ఊపి, 'పై అధికారులకు తెలియును' అని రాశాడు.

పదకొండో పేజీదాకా అంతా సాఫీగా నడిచింది. అక్కడ ఒక ప్రశ్న ఉంది. 'ఈ పదార్థము ఇంక దేనికైనను పనికివచ్చునా?'

"ఎందుకు రాదు సారు! నూరేండ్లు నిలవడతది" అన్నాడు నబీ గర్వంగా.

లింగయ్య కలం కింద పెట్టాడు. ఆయన మొహంలో నిజమైన జాలి కనిపించింది. "తొందరపడ్డవ్ మేస్త్రీ. పనికొస్తది అన్నవంటే అది వ్యర్థం గాదు. వ్యర్థం గానిదాన్ని సర్కారు జాగాల నుంచి తీసినవంటే దొంగతనం."

"అయితే పనికి రాదని రాయిండ్రి."

"రాస్త. పనికి రాని సామానుతోని చంటిపోరగాండ్లకు ఇల్లు కడుతున్నవని నీ మీద ఇంకో కేసు రాయాలె. ఏది రాయమంటవ్?"

నబీ ఆలోచించాడు. "రెండిట్ల ఏది చిన్నది, సారు?"

"రెండూ పద్నాలుగు పేజీలే."

ఈ సంభాషణను లోపలి గదిలోంచి విన్న అమరేందర్ బయటికి వచ్చాడు. నేరం ఏదో తేలాలంటే ముందు దిమ్మ బలమెంతో తేలాలన్నాడు. బలపరీక్షకు ఒక పట్టిక ఉంది. అందులో ఒకే గడి: 'ఎంత బరువుకు పగిలింది'. పరీక్ష యంత్రం ఎక్కడో నగరంలో ఉందనీ, అది వచ్చేలోపు అందుబాటులో ఉన్న ప్రభుత్వ బరువుతో పరీక్షించవచ్చనీ నియమాలు చెబుతున్నాయి. ప్రభుత్వ బరువంటే ఏమిటని లింగయ్య, దుర్గయ్య ఒకరినొకరు చూసుకున్నారు.

రెండు ఇటుకల మీద దిమ్మను అడ్డంగా పెట్టారు. ముందు దుర్గయ్య ఎక్కాడు. పగల్లేదు. లింగయ్య చెప్పులు విడిచి, దుర్గయ్య భుజం పట్టుకుని ఎక్కాడు. పగల్లేదు. అటెండరు ఎక్కాడు. ముగ్గురూ ఒకరినొకరు కావలించుకుని, ఆ జానెడు వెడల్పు మీద నిలబడ్డారు. కింద దిమ్మ ఏమీ ఎరగనట్టు ఉంది. చివరికి అమరేందర్, "క్షమించండి" అని ఎవరినో ఉద్దేశించి అంటూ, పంచెకట్టు సర్దుకున్నంత జాగ్రత్తగా ప్యాంటు సర్దుకుని, తానూ ఒక కాలు పెట్టాడు. (ఆ శాఖ సిబ్బంది మొత్తం ఒకే విషయం మీద ఒక్కటిగా నిలబడటం అదే మొదలు, అదే ఆఖరు.) టప్పుమని చప్పుడైంది. అందరూ సంతోషంగా కిందికి దూకారు. పగిలినవి కింద పెట్టిన ఇటుకలు.

"పగల్లేదు" అన్నాడు నబీ, పొంగిపోతూ.

"అదే కదయ్యా బాధ" అన్నాడు అమరేందర్ మెల్లగా. "పగల్లేదని రాయడానికి గడి లేదు."

పట్టికలో గడి ఖాళీగా ఉంది కాబట్టి పరీక్ష పూర్తి కాలేదు. పరీక్ష పూర్తి కాలేదు కాబట్టి దిమ్మను కార్యాలయంలోనే ఉంచాలి. రెండు రోజుల తర్వాత ఫైళ్ల బీరువా కాలొకటి విరిగింది. విరిగిన కాలును నిర్ధారణ కాకుండా తియ్యడానికి వీల్లేదు. అంచేత కాలును అలాగే ఉంచి, దాని పక్కన ఆసరాగా దిమ్మ పెట్టారు. అప్పట్నుంచి ఆ కార్యాలయంలోని వ్యర్థ నియమావళి మొత్తం ఆ దిమ్మ మీదే నిలబడింది.

మార్చి పోయింది. ఏప్రిల్ పోయింది. నబీ వారానికోసారి మోత్కూరు వెళ్లి, కార్యాలయం అరుగు మీద కూర్చుని, ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో అడిగి వచ్చేవాడు. ఫైలు ఎక్కడిదాకానూ రాలేదు. లింగయ్య మాత్రం ప్రతిసారీ చాయ్ తెప్పించేవాడు. వాగు ఒడ్డున నూట నలభై దిమ్మలు వరుసగా ఎండకు నిగనిగలాడుతూ కూర్చున్నాయి. వాటిని ఎవ్వరూ కదపలేదు. మేలో ఒక సాయంత్రం పడమట మబ్బు పట్టింది. గాలికి తొట్టెలల కర్రలు రెండు వాలాయి. సోమమ్మ వాలిన కర్రలను తిరిగి పాతుతూ నబీ వైపు ఒక్కసారి చూసింది. ఆ రాత్రి తాహేరాకు జాబు రాయిస్తూ నబీ, పని బాగానే ఉందని రాయించాడు గానీ, ఆ వాక్యం తర్వాత ఏం రాయించాలో తోచక ఆపేశాడు.

మర్నాడు కంకర మిషన్‌ను తిప్పే తోలు పట్టా తెగింది. గోదాములో కొత్త పట్టా సిద్ధంగా ఉంది. కానీ పాత పట్టా వ్యర్థమని నిర్ధారణ అయ్యేదాకా కొత్తది ఇవ్వరాదు. మిషన్ ఆగింది. మోత ఆగేసరికి పదకొండు మంది పిల్లలూ ఒక్కసారిగా గుక్కపట్టారు. పని లేని ఆడవాళ్లు ఒకచోట చేరారు.

"మేస్త్రీ, గా ఆఫీసు ఎట్లుంటది?" అని అడిగింది సోమమ్మ.

"కిరాయి ఇల్లు, అక్కా. పెంకుల కప్పు. రెండు గదులు, ఒక వరండా."

"గోడలున్నయా?"

"గోడలెందుకు లేవు? మంచి గోడలు."

"రాళ్లు ఎగురుతయా?"

"ఆఫీసుల రాళ్లెందుకు ఎగురుతయి?"

"గట్లయితే నడువు" అంది సోమమ్మ.

ఆ పొద్దు పదకొండు మంది తల్లులు పదకొండు మంది పిల్లలతో మోత్కూరులో దిగారు. వరండా దూలాలకు చీరలు కట్టారు. చాలనివి లోపల రికార్డు గది దూలానికి కట్టారు. లింగయ్య లేచి నిలబడి, ఇది కార్యాలయమన్నాడు.

"మేం గూడ పని మీదనే వచ్చినం సారూ" అంది సోమమ్మ. "మా ఇల్లు మీ ఫైల్ల ఉన్నదట. ఇల్లు ఎక్కడుంటే పోరగాండ్లు గక్కడ్నే ఉంటరు గద."

లింగయ్య నియమావళి తెరిచాడు. పెండింగులో ఉన్న ఫైలు తాలూకు మనుషులు పనివేళల్లో కార్యాలయంలో వేచి ఉండవచ్చునని ఉంది. ఎన్ని నెలల వయసుండాలో లేదు.

మొదటి రోజు కార్యాలయం ఒక్క కాయితం కూడా కదపలేదు (ఈ తేడా పైవాళ్లకు తెలియలేదు). రెండో రోజు లింగయ్య ఒక చేత్తో రాస్తూ, కాలి బొటనవేలికి చీర కొంగు కట్టుకుని తొట్టెల ఊపడం నేర్చుకున్నాడు. మూడో రోజుకు ఏ ఏడుపు ఆకలిదో, ఏ ఏడుపు కడుపునొప్పిదో లోపలి గదిలోంచే చెప్పేవాడు. దుర్గయ్య పరిశీలనకు బయల్దేరుతూ సైకిలు మీద ఒకణ్ని సంత చుట్టూ తిప్పి తెచ్చేవాడు. యాదలక్ష్మి కొడుకు బీరువా కింద దిమ్మను పట్టుకుని మొదటిసారి సొంతంగా లేచి నిలబడ్డాడు. ఆ సంగతి అమరేందరే ముందు చూశాడు. చూసి, ఎవరికి చెప్పాలో తెలియక, గట్టిగా "లింగయ్యగారూ!" అని కేక పెట్టాడు. ఆయన గొంతు అంత పెద్దదని సిబ్బందికి అప్పుడే తెలిసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పెద్ద చినుకులు నాలుగు పడ్డాయి. అమరేందర్ కిటికీలోంచి మబ్బు చూసి, అరుగు మీద ఉన్న నబీని లోపలికి పిలిచాడు. అధికారి మొహం వడిలిపోయి ఉంది.

"మేస్త్రీ, నాకూ కట్టించాలనే ఉంది. కానీ వ్యర్థమంటే ఇల్లు కట్టనివ్వకూడదు, కాదంటే మిమ్మల్ని పట్టివ్వాలి. ఏది రాసినా ఆడిట్‌వాళ్లు నన్ను వదలరు. ఏం చెయ్యమంటారు?"

పక్కన లింగయ్య ఒక పిల్లవాణ్ని భుజాన వేసుకుని, తన విసుగు ఎవరి మీద చూపాలో తెలియక నబీ మీద చూపాడు.

"అసలు తప్పు నీదే మేస్త్రీ! నిర్ధారణ గాని సామాను వాగు ఒడ్డున అంత దూరం పరిచి పెట్టినవ్. అట్ల పెట్టొద్దు. చదువుతున్న విను. నియమం ముప్పై ఒకటి: 'నిర్ధారణ కాని పదార్థమును ఒకేచోట, ఒకదానిపై ఒకటి, జారిపడకుండ చక్కగా పేర్చవలెను.' పేర్చినవా?"

"లేదు, సారు."

"'వర్షమునకు తడువకుండ పైన రేకులు కప్పవలెను. రేకులు కార్యాలయము వారు ఇచ్చెదరు.' కప్పినవా?"

"లేదు" అన్నాడు నబీ. ఆయన తల కొంచెం పైకి లేచింది. "జారిపడకుంట అంటే, నడుమ ఏమన్న పెట్టొచ్చునా సారు? సున్నం గిట్ల?"

"జారకుంట ఉంటే ఏం పెడితే ఏంది! ఎత్తు మాత్రం మనిషి ఎత్తు దాటొద్దు."

"దిమ్మలన్నీ ఒక్కతాన కుక్కితే చెమ్మ పడ్తయేమో సారు."

లింగయ్య పేజీ తిప్పాడు. "ఉన్నది. 'మధ్యలో గాలి ఆడుటకు తగినంత ఖాళీ వదలవలెను.'"

"ఎంత ఖాళీ?"

"తగినంత అని ఉన్నది."

"పసులు చొరవడితే?"

"'పశువులు ప్రవేశింపకుండ తలుపు, గొళ్లెము అమర్చవలెను.'" లింగయ్య చదవడం ఆపాడు. భుజం మీది పిల్లవాడు తేన్చాడు.

నబీ చేతులు కట్టుకుని, అధికారి వైపు తిరిగాడు. "తప్పయింది సర్కార్. కుప్ప సరిగ్గ పేర్చమని హుకుం రాసియ్యుండ్రి. నియమం ప్రకారం పేరుస్త. ఒక్క అంగుళం తప్పితే నన్ను పట్టియ్యుండ్రి."

అమరేందర్ ఆయనవైపు ఒకసారి, నియమావళివైపు ఒకసారి చూశాడు. తర్వాత కలం తీసుకున్నాడు. నిర్ధారణ కాని దిమ్మలను ఏడు రోజులలోగా నియమం ముప్పై ఒకటి ప్రకారం పేర్చనిచో కఠిన చర్య తీసుకోబడునని రాశాడు. 'కఠిన' కింద గీత గీశాడు. రాసేటప్పుడు ఆయన పెదవుల మీద ఏదో కదిలింది. అది నవ్వని చెప్పడానికి ఆధారాలు లేవు.

ఏడు రోజులు అక్కర్లేదు, ఆరే పట్టాయి. పట్టా కూడా ఆ వారమే వ్యర్థమైంది గానీ, మిషన్ మొదలయ్యేలోపు ఆడవాళ్లు దిమ్మలు మోశారు, సున్నం కలిపారు, పాటలు పాడారు. దిమ్మలు చాలనిచోట ఆ నిర్ధారణ కాని గుట్టలోని ఇటుక ముక్కలనే సున్నంతో పేర్చారు. (నిర్ధారణ కానిదాన్ని సరిగ్గా పేర్చాలంటే కొన్ని చిన్న సర్దుబాట్లు తప్పవు.) మనిషి ఎత్తు అన్నారు కాబట్టి క్యాంపులోకెల్లా పొడుగైన మనిషిని వెతికారు. గొర్లు అమ్ముకుని పనికొచ్చిన బీరన్న దొరికాడు. గోడ పక్కన తలపాగాతో సహా నిలబెట్టి కొలత తీసుకున్నారు. "జర మునివేళ్ల మీద లేసి నిలవడు బిడ్డా" అంది సోమమ్మ. బీరన్న లేచి నిలబడ్డాడు. గాలి ఆడడానికి రెండుచోట్ల తగినంత ఖాళీ వదిలారు. వాటికి చువ్వలు బిగించారు. పైన కార్యాలయం పంపిన రేకులు కప్పి, తలుపు పెట్టారు. మధ్యలో గాలి ఆడే ఖాళీలో పదకొండు తొట్టెలలు పట్టాయి.

అమరేందర్ స్వయంగా తనిఖీకి వచ్చాడు. గొళ్లెం వేసి, తీసి చూశాడు. గోడ మీద తట్టాడు. తలవంచి లోపలికి వెళ్లి, నడుమ నిలబడ్డాడు. బయట కంకర మిషన్ మోగుతోంది. లోపల ఆ మోత ఎక్కడో దూరంగా, పక్క ఊళ్లో ఎవరో పిండి విసురుతున్నట్టు వినిపిస్తోంది. పదకొండు మందీ నిద్రపోతున్నారు.

"కుప్ప చక్కగా పేర్చబడింది" అన్నాడు గొంతు తగ్గించి. బయటికి వస్తూ నబీ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అంత త్వరగా తియ్యలేదు.

ఆ రాత్రే వాన మొదలై, మూడు రోజులు కొట్టింది. క్యాంపులో గుడిసెలు సగం కూలాయి. గుడిసెలు కూలినవాళ్లంతా కుప్పలోకి చేరారు. నబీ గోడకు చెవి ఆనించి కూర్చుని, ఎక్కడన్నా నీళ్లు దిగుతున్నాయేమోనని విన్నాడు. చప్పుడు లేదు. సోమమ్మ పక్కన వచ్చి కూర్చుంది.

"మేస్త్రీ, ఇల్లు మంచిగ కట్టినవ్."

"ఇల్లు గాదక్కా. కుప్ప" అన్నాడు నబీ. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. యాదలక్ష్మి కసిరేదాకా ఆపలేదు.

మరుసటి ఏడు వానాకాలానికి ముందు లింగయ్య ఎద్దుబండిలో కొత్త పుస్తకం ఒకటి పట్టుకుని వచ్చాడు. జిల్లాలోని కుప్పలన్నింటి లోపల ఏముందో ఏటా లెక్క తీయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆ పని ఎవరికైనా అప్పగించవచ్చు గానీ, ఈ కుప్పకు మాత్రం తానే వెళ్తానని లింగయ్య పట్టుబట్టాడట. సంచిలో బొరుగుల ఉండలు కూడా తెచ్చాడు. లోపలికి వెళ్లి ఒక్కొక్కరినీ పలకరించాడు. యాదలక్ష్మి కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చి, ఆయన పంచె పట్టుకున్నాడు. కొత్తగా ఆరుగురు చేరారు.

లింగయ్య గడప మీద కూర్చుని, పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని, పుస్తకం తెరిచాడు. నబీ పక్కన కూర్చుని, సిరాబుడ్డి పట్టుకున్నాడు.

కుప్పలో నిల్వ ఎంత అన్నచోట లింగయ్య పదిహేడు అని రాశాడు. స్థితి అన్నచోట, అందరూ బాగున్నారు అని రాసి, కొట్టేసి, 'అన్నియు బాగున్నవి' అని రాశాడు. చివరి గడి దగ్గర ఆయన కలం ఆగింది.

"ఏమడుగుతుండ్రు, సారు?" అన్నాడు నబీ.

"వీటిల ఏదన్న ఏ శాఖకన్న కావాల్నా అని అడుగుతుండ్రు."

పిల్లవాడు లింగయ్య వేలు పట్టుకుని కొరికాడు. లింగయ్య వేలు విడిపించుకోకుండానే, రెండో చేత్తో గుండ్రటి అక్షరాలతో, నిజాయితీగా రాశాడు:

'ఇంతవరకు ఏ శాఖవారును అడుగలేదు.'